మా పెద్దబాపు పార్లమెంటుకు నిలబడ్డ ఎండాకాలం

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం హనుమకొండలో మా ఇంటి గేటు తీసుకుని ఒక అమ్మాయి వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకంత ఫోను. ఎవరో అభ్యర్థి తరఫున సర్వే చేస్తోందట. "ఒక్క నిమిషం మేడం, జర రెండు ప్రశ్నలు. సర్కారు ఆఫీసుల పనితీరు మీద మీ అభిప్రాయం ఏంది? బాగుంది, పర్వాలేదు, బాగలేదు. మూడిట్ల ఒకటి చెప్పుండ్రి" అంది. నేను ముప్పయ్యేళ్లు రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషిని. బాగుందంటే అబద్ధం, బాగలేదంటే అందులో నా వాటా ఎంతో చెప్పాల్సి వస్తుంది. నేను ఆలోచిస్తుంటే ఆ పిల్ల రెండో ప్రశ్నకు పోయింది. "పెద్ద పెద్ద కంపెనీల మీద సర్కారు పట్టు పెరగాలా, తగ్గాలా?" నాకు నవ్వాగలేదు. "ఎందుకు నవ్వుతాండ్లు మేడం?" అని బిక్కమొహం వేసింది. "ఈ రెండింటికీ జవాబులు నేను నీకన్నా చిన్న వయసులోనే రాశాను బిడ్డా, కార్బన్ కాగితం పెట్టి మరీ" అన్నాను. ఆమె నన్నొకసారి జాలిగా చూసి, రెండు ప్రశ్నలకూ 'తెలియదు' అని నొక్కి పక్కింటికి వెళ్లిపోయింది.

ఆ జవాబులు నావి కావు, మా పెద్దబాపువి. రాత మాత్రమే నాది. పెద్దబాపు అంటే మా బాపుకు, అంటే నాన్నకు, అన్న, పేరు రాజమల్లు. ధర్మసాగర్ చెరువు కట్ట దాటాక బస్సు ఇంకో అరగంట ఊగితే మా ఊరొచ్చేది. మా బాపు వరంగల్‌లో పవర్‌లూమ్ షెడ్డులో పనికి కుదిరి, షెడ్డు పక్కనే ఒక గదిలో ఉండేవాడు. ఆ గదిలో నన్ను కన్న అవ్వ, ముగ్గురు తమ్ముళ్లు, పగలూ రాత్రీ మగ్గాల చప్పుడు పట్టాక నాకు చోటు మిగల్లేదు. పిల్లలు లేని పెద్దబాపు నన్ను భుజాన వేసుకుని ఊరికి తీసుకుపోయాడట. డిగ్రీ అయ్యేదాకా ఆ ఇల్లే నా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా ఎండుమిరపకాయలు పోసిన వాసన తగిలితే ముక్కు కన్నా ముందు నాకు ఆ వాకిలే గుర్తొస్తుంది. పొద్దున్నే పెద్దమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు, పొయ్యిలో పత్తికట్టె పొగ, అరుగు మీద పెద్దబాపు చుట్ట పొగ కలిసి ఒకే మబ్బుగా ఇంట్లో తిరిగేవి. పెద్దబాపుకు ఏడో తరగతి దాకా చదువొచ్చు. నిన్నటి పేపరు బస్సు కండక్టరు దగ్గర అడిగి తెచ్చుకుని, ప్రకటనలతో సహా పైకి చదివేవాడు. చదువుతూ చదువుతూ పేపరుతో తగాదా పెట్టుకునేవాడు. "ఏందయ్యా నువ్వనేది?" అని పేపరును గద్దించేవాడు. పెద్దమ్మ పేరు కొమురమ్మ. "ఆ పేపరుకు నోరుంటే నిన్ను ఎన్నడో ఇడిశిపెట్టి పోయేది" అనేది లోపలి నుంచి.

నేను డిగ్రీలో చేరిన యేడు పెద్దబాపు మిరప వేశాడు. అంతకుముందు యేడు దాకా సొంత విత్తనమే. ఆసారి దుకాణపాయన చెప్పగా విని, రంగుల బొమ్మ ఉన్న కంపెనీ పొట్లాలు తెచ్చాడు. బొమ్మ మీద మిరపకాయలు అరచేయంత పొడుగు. చేనులో మొక్కలు బ్రహ్మాండంగా లేచాయి. నడుము దాటి, ఛాతీ దాటి, ఆఖరికి పెద్దమ్మ లోపలికి పోతే కనిపించనంత ఎత్తుకు పెరిగాయి. పూత మాత్రం లేదు. కాయ అసలే లేదు. ఊళ్లో ఆ పొట్లం కొన్న ప్రతివాడి చేనూ అంతే, ఆకులతో కళకళలాడుతూ నిలబడి ఉంది. కంపెనీ ఏరియా మేనేజరని ఒకాయన జీపులో వచ్చి చేను చూశాడు. నున్నగా దువ్విన తల, మెడకు టై. "మొక్క ఆరోగ్యంగా ఉంది కదా" అన్నాడు.

"మంచిగున్నది సార్" అన్నాడు పెద్దబాపు. "ఫోటువ దిగుతానికి."

నేల మంచిది కాదని ఒకసారి, వాన సరిగా పడలేదని ఒకసారి, మందు ఎక్కువైందని ఒకసారి చెప్పి మేనేజరు వెళ్లిపోయాడు. పెద్దబాపు వ్యవసాయం ఆఫీసుకు పోయాడు. పరీక్షకు పంపాలి, మిగిలిన విత్తనం తెమ్మన్నారు. "మిగుల్చుకునేటానికి అదేమన్న అత్తరా సార్? మొత్తం మట్టిలనే ఉన్నది" అన్నాడు. అయితే వేరే ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోమన్నారు. అక్కడ ఇది తమ పని కాదని మొదటి ఆఫీసుకే చీటీ రాసిచ్చారు. ఆ చీటీ తీసుకుని వెళితే సారు లేడు, రేపు రా. మర్నాడు సారున్నాడు, సంతకం చేసే ఇంకో సారు లేడు, రేపు రా. ఇలా పత్తి ఏరే కాలం నుంచి మామిడి పూత దాకా తిరిగాడు. పనికి పోయినట్టే పొద్దున్నే ధోవతి కట్టుకుని, సద్ది మూట పట్టుకుని బయల్దేరేవాడు. పెద్దమ్మ వాకిట్లో చీపురు పట్టుకుని, "ఏం కొలువాయె నీది! జీతమొక్కటి లేకపాయె" అనేది.

ఒకరోజు ఖాళీ పొట్లం తెచ్చి నా ముందు పెట్టి, అడుగున చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఏముందో చదవమన్నాడు. నేను డిగ్రీ మొదటి సంవత్సరం. కూడబలుక్కుని చదివి, "మొలకెత్తేదాకే కంపెనీ బాధ్యత అని రాసుంది పెద్దబాపూ" అన్నాను.

"మొలిచినంక?"

"మొలిచినంక మనదే."

చాలాసేపు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గింత పెద్ద బొమ్మ ఏసినోనికి గీ ముక్క పెద్దగ రాయనీకి జాగ లేకపాయెనా?" అని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకే పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. అన్నం తింటూ తింటూ, పచ్చిపులుసు ఇంకొంచెం పోయమని గిన్నె చాపినట్టే మామూలుగా అన్నాడు, "నేను ఎంపీకి నిలబడుతాన." పెద్దమ్మ గరిటె అలాగే ఆగిపోయింది. "దేనికీ?" అంది. "ఎంపీకి." ఆమె నా వైపు తిరిగి, "సరోజనా, మీ పెద్దబాపుకు ఎండ తగిలినట్టున్నది, ఉల్లిగడ్డ తే" అంది. ఎండదెబ్బ కాదని తెలియడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పెద్దబాపు తల మీద ఉల్లిగడ్డ రసం రుద్దించుకుంటూనే నామినేషన్ కాగితాలు నింపించాడు.

ఆయనకు పార్టీ లేదు. మిరపకాయ గుర్తు కావాలని అడిగితే పట్టికలో అది లేదన్నారు. గుర్తులు ఖాయం చేసేది ఉపసంహరణ గడువు దాటాకే అయినా, ఎవరూ అడగని పళ్లు తోముకునే బ్రష్షు ఆయనకేనని ఆఫీసులో ముందే చెప్పేశారు. ఊళ్లో అందరిదీ వేపపుల్లే. బ్రష్షున్నది నా ఒక్కదానికే, కాలేజీకి పోతున్నానని బాపు కొనిపెట్టింది. ప్రచారానికి చూపించాలని దాన్ని పెద్దబాపు జేబులో పెట్టుకున్నాడు. ఆ నెలంతా నేను మళ్లీ వేపపుల్ల నమిలాను. కంపెనీల మీద యుద్ధమని బయల్దేరినవాడికి కంపెనీ సరుకే గుర్తుగా వచ్చిందని ఊళ్లో అందరూ నవ్వారు. పెద్దబాపు కొంచెం నొచ్చుకున్నాడు గానీ, "నోరు కడిగేటందుకు ఇచ్చిండ్లు, మంచిదే" అని సర్దుకున్నాడు.

కరపత్రం రాసే పని నాకు పడింది. పాఠ్యపుస్తకాల్లోంచి పెద్ద పెద్ద మాటలు ఏరి, 'కార్పొరేట్ శక్తుల కబంధ హస్తాల నుండి కర్షక లోకాన్ని విముక్తం చేయుటకై' అని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే పెద్దబాపు కళ్లు చిట్లించి, "కబంధుడెవలు?" అన్నాడు. రాక్షసుడని, చేతులు చాలా పొడుగని చెప్పాను. "ఆయినె గూడ నిలబడ్డడా?" అన్నాడు. తర్వాత ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఏ ఆఫీసులోనైనా కాగితం ఆగితే, ఎందుకు ఆగిందో ఒక్క ముక్కలో రాసి తలుపు మీద అంటించాలి. కాగితం పట్టుకుని వచ్చినవాడికి కుర్చీ వెయ్యాలి, కుర్చీ లేకపోతే లోపలున్న సారు కూడా నిలబడే పనిచెయ్యాలి. రేపు రా అని చెప్పినవాడు రేపు తానే మన ఇంటికి రావాలి. విత్తనం అమ్మే కంపెనీ పొట్లం మీద ఓనరు పేరు, ఇంటి అడ్రసు, బొమ్మంత పెద్ద అక్షరాలతో తెలుగులో వెయ్యాలి. ఆ ఓనరు తన విత్తనం ముందు తన సొంత చేనులో వేసి, ఆ పంట చూపించిన తర్వాతే మనకు అమ్మాలి. గెలిచిన ఎంపీ ప్రతి అమావాస్యకు, అంటే నాగలి కట్టని రోజున, మార్కెట్ యార్డులో కూర్చోవాలి, అడిగినవాళ్లకు జవాబు చెప్పాలి. కరపత్రం అంతే. ఎన్ని సభలు జరిగినా, ఎన్ని ప్రభుత్వాలు మారినా, అంతకన్నా తేటగా రాసిన మేనిఫెస్టో నేనింతవరకూ చూడలేదు. నా రాత కాబట్టి చెప్పడం లేదు.

ఈ సంస్కరణలు దేశం కన్నా ముందు మా ఇంట్లో అమల్లోకొచ్చాయి. పెద్దబాపు ప్రచారం గొడవలో పడి కట్టెలు కొట్టడం మానేశాడు. అడిగితే రేపు కొడతాననేవాడు. పెద్దమ్మకు చదువు రాదు. నా చేత ఒక కాగితం రాయించి మెతుకులతో వంటింటి తలుపుకు అంటించింది. 'ఈ పూట వంట ఆపబడినది. కారణం: కట్టెలు లేవు. బాధ్యులు: అభ్యర్థి.' పెద్దబాపు దాన్ని రెండుసార్లు చదివి, కారణం స్పష్టంగా ఉందని మెచ్చుకుని, గొడ్డలి తీసుకుని పెరట్లోకి పోయాడు.

ప్రచారానికి మైకు కట్టిన ఒక ఆటో. అందులో పెద్దబాపు, కరపత్రాల కట్టతో నేను, సద్దిమూటా మజ్జిగ కుండా పట్టుకుని పెద్దమ్మ. ఓట్లడగడానికి కాదు, ఆయనకు వడదెబ్బ తగలకుండా చూడడానికే వస్తున్నానని ఆమె ప్రతి ఊళ్లోనూ దిగి మరీ చెప్పేది. "మీ ఓటు మీ ఇష్టం అక్కా, నాకైతే ఏం సంబంధం లేదు" అనేది. అన్నిటికన్నా పెద్ద సభ వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో జరిగింది. మిరప వచ్చే రోజులు. ఎటు చూసినా ఎర్రటి కుప్పలు, బస్తాలు, గాలి నిండా ఘాటు. పెద్దబాపు బస్తాల మీదికెక్కి, "అన్నలారా, ఇన్నేండ్ల సంది మనం..." అని తుమ్మాడు. జనం తుమ్మారు. "...కంపెనీ చెప్పినట్టల్ల..." మళ్లీ తుమ్ము. ఆయన ముక్కు తుడుచుకుంటూ, జనం కళ్లు తుడుచుకుంటూ, ముప్పావు గంట సాగింది. చివర్లో బ్రష్షు పైకెత్తి చూపిస్తే జనం చప్పట్లు కొట్టబోయి తుమ్మారు. మర్నాడు బస్సు కండక్టరు పేపరు తెచ్చి ఇచ్చాడు. లోపలి పేజీలో నాలుగు లైన్లు. 'స్వతంత్ర అభ్యర్థి ప్రసంగానికి కంటతడి పెట్టిన రైతన్నలు.' ఆ పేపరుతో మాత్రం పెద్దబాపు తగాదా పెట్టుకోలేదు.

ఆ నాలుగు లైన్లూ మాకన్నా శ్రద్ధగా కంపెనీవాళ్లు చదివినట్టున్నారు. నామినేషన్లు వెనక్కి తీసుకునే గడువు ఇంకా మూడు రోజులుంది. ఆ ఏరియా మేనేజరు మళ్లీ జీపులో వచ్చాడు, ఈసారి మిఠాయి డబ్బాతో. అరుగు మీద కూర్చుని, ఎంతో మర్యాదగా చెప్పాడు. రాజమల్లుగారి నష్టం కంపెనీ దృష్టికి వచ్చిందట. వచ్చే పంట కారుకు కొత్త విత్తనం, మందులు, ఎరువు అన్నీ ఇంటికే పంపిస్తారట. పోయిన పంటకు కూడా ఏదో ఒకటి చూస్తారట. "మీరు జర కలెక్టరాఫీసుదాకా వచ్చి ఒక్క సంతకం పెడితే చాలు. జీపులో నేనే తీసుకపోతా."

ఇక్కడ నేను నిజం చెప్పాలి. పెద్దబాపు నవ్వి పొమ్మనలేదు. ఆ యేడు పంట మీద పైసా రాలేదు. పక్క చేలవాళ్లు దుక్కులకు తయారవుతుంటే మా ఎడ్లు ఊరికే నెమరేస్తున్నాయి. మేనేజరు రేపు వస్తానని పోయాక పెద్దబాపు చాలాసేపు చుట్ట ముట్టించకుండా నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి, "తీసుకుందమా?" అన్నాడు, పెద్దమ్మ మొహం చూడకుండా.

"ఒక్క మనకేనా, ఊరందరికా?" అంది ఆమె.

"మనకే అంటాండు."

ఆమె చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. బియ్యంలో రాళ్లు లేవు, నేను చూశాను.

మర్నాడు మేనేజరు వస్తే ఆమే ఎదురుపోయింది. "ఆయినె చేనుకు పోయిండు బిడ్డా. ఏమన్న ఉంటె నాకు చెప్పు. నువ్వు కంపెనీ మనిషివని కాయితం ఉన్నదా?" అంది. అతను విజిటింగ్ కార్డు తీసిచ్చాడు. ఆమె తలకిందులుగా పట్టుకుని, "దీనిమీద సంతకం లేదు, ముద్ర లేదు. మేమెట్ల నమ్మాలె? ముద్ర కాయితం తీస్కొని రేపు రా" అంది. అతను నవ్వి, సరేనని పోయి, నిజంగానే లెటర్‌హెడ్ మీద టైపు చేయించి ముద్ర కొట్టించుకుని మరుసటి రోజు వచ్చాడు. "గిది ఇంగిలీషుల ఉన్నదాయె. మా సరోజన సదివి చెప్పాలె, అది కాలేజికి పోయింది. రేపు రా" అంది. నేను తలుపు చాటున ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రోజు మాకు సెలవు.

మూడో రోజు గడువు రోజు. మధ్యాహ్నం మూడు గంటల్లోపు పెద్దబాపు వెళ్లి సంతకం పెట్టాలి. మేనేజరు పొద్దున్నే పదింటికే దిగాడు. పెద్దమ్మ ఎంతో ప్రేమగా చాప వేసింది. అంతకు ఘడియ ముందే ఆమె పెరట్లోకి పోయి బర్రె పలుపు విప్పి, దాని వీపు మీద ఒక్కటి చరిచి, "అయ్యో, బర్రె తెంచుకున్నది, ఉరుకుండ్రి!" అని కేకపెట్టడం నేను కళ్లారా చూశాను. పెద్దబాపు దాని వెంట ఊరి చెరువు వైపు పరుగెత్తాడు. "ఇప్పుడే వస్తడు, కూసో" అంది మేనేజరుతో. ఈసారి అతను తెలుగులో రాయించుకొచ్చిన కాగితం నా చేత చదివించింది, నిదానంగా, రెండుసార్లు. బాగుందంది. సాక్షి సంతకానికి సర్పంచి ఉండాలంది. సర్పంచి పెళ్లికి పోయాడు. అయితే వార్డు మెంబరైనా సరేనంది. మెంబరు చేనులో ఉన్నాడు. అంతలో అన్నం వేళయింది. తినకుండా ఎట్లా అని జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు పెట్టింది. ఆ తొక్కు మా ఇంట్లోవాళ్లే జాగ్రత్తగా తినేవాళ్లు. మేనేజరు మొహం ఎర్రబడి, టై విప్పి చెంబెడు నీళ్లు తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. తేరుకుని గడియారం చూసుకునేసరికి రెండు దాటింది.

"అమ్మా, మూడు దాటితే లాభం లేదు. ఆయన ఏ దిక్కు పోయిండో చెప్పు, నేను పోయి పట్టుకొస్త" అని లేచాడు.

"బర్రె ఏ దిక్కు పోతే ఆ దిక్కు పోయిండు నాయనా. దాన్ని అడగాలె."

అతను జీపు తీసుకుని చెరువు కట్ట మీద అటూ ఇటూ తిరిగి, దుమ్ము కొట్టుకుని మూడున్నరకు వచ్చాడు. పెద్దమ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటోంది. "దొరకలేదా? రేపు రా మరి" అంది. అతను ఆమె వైపు కాసేపు చూశాడు. అప్పుడు అర్థమైంది పాపం. జీపెక్కి పోయాడు. మిఠాయి డబ్బా మాత్రం మరిచిపోలేదు, తీసుకునే పోయాడు. పొద్దుగూకే వేళకు పెద్దబాపు బర్రెను తోలుకుని వచ్చాడు. కాళ్లనిండా బురద. సంగతి విని గోడకు చేరగిలబడి, ఏడుపో నవ్వో తెలియనట్టు భుజాలు కదిలించాడు. "నేను గెలవాలెనని నీకు గింత ఉన్నదని నాకెరుకనే లేదు కొమురా" అన్నాడు.

"ఎవలన్నరు? నువ్వు ఓడిపోవాలెనని సమ్మక్కకు మొక్కిన" అంది. "ఓడితే నాకు సంబురమే. అమ్ముడుపోతే మాత్రం, ఊర్ల తల ఎత్తుకొని తిరుగుడెట్ల?"

సమ్మక్క ఆమె మొర ఆలకించింది. ఎంత బాగా ఆలకించిందంటే, డిపాజిట్ కూడా మిగల్లేదు. పెద్దబాపు రెండు రోజులు పేపరు చదవలేదు. మూడోరోజు నా బ్రష్షు నాకు తిరిగిచ్చేశాడు. ఆ పై జాతరకు మేడారం పోయినప్పుడు పెద్దమ్మ ఆయన్ను తూకంలో కూర్చోబెట్టి, ఎత్తు బెల్లం, మేడారంలో 'బంగారం' అనే ఆ బెల్లాన్ని, గద్దెల దగ్గర సమర్పించింది. ఓడిపోవాలని మొక్కిన మాట అప్పుడు ఊరికే అన్నదనుకున్నాడేమో, ఇది తన ఆరోగ్యం కోసమనుకుని ఆయన తూకంలో నిటారుగా కూర్చున్నాడు. నేను చెప్పలేదు. పెద్దమ్మా చెప్పలేదు. ఓట్లు రాకపోయినా పేపరులో వచ్చిన ఆ నాలుగు లైన్ల పుణ్యమా అని వ్యవసాయం ఆఫీసు నుంచి ఒకాయన వెతుక్కుంటూ మా ఊరికి వచ్చి చేలు చూశాడు. వానలు పడే ముందు దుకాణపాయన రసీదు ఉన్నవాళ్లందరికీ వేరే రకం విత్తనం ఇచ్చాడు. ఇవ్వమన్నదెవరో చెప్పలేదు. ఆ యేడు మిరప పొట్టిగానే పెరిగి, గుత్తులు గుత్తులుగా కాసింది. "గిది నా మొదటి గెలుపు" అన్నాడు పెద్దబాపు. "రెండోది ఉండది" అంది పెద్దమ్మ.

ఆ తర్వాత రెండేళ్లకు నాకు రెవెన్యూలో ఉద్యోగం వచ్చింది. పెద్దబాపు ఊరంతా బత్తీసా మిఠాయిలు పంచాడు. "మన మనిషి ఇప్పుడు లోపల ఉన్నది" అని గొంతు తగ్గించి అందరికీ చెప్పేవాడట, ఏదో కోటలోకి గూఢచారిని పంపినట్టు. లోపలికి వెళ్లిన మనిషి ఏమైందో చెప్పడానికే ఈ అధ్యాయం ఇంత దూరం తెచ్చాను. మొదటి యేడాది ప్రతివాళ్లనీ కూర్చోండి అన్నాను. రెండో యేడాది కుర్చీ చూపించాను. ఆ తర్వాత తల ఎత్తడం మానేశాను. ఎప్పుడు మానేశానో నాకు గుర్తులేదు, అలాంటివి ఏ రోజు జరిగాయో ఎవరికీ గుర్తుండవు. ఇప్పుడు అన్నీ ఫోనులోనే. కాగితం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో తెర మీద కనిపిస్తుంది. పెద్దబాపు కోరిందే. మొన్న పక్కింటామె తన దరఖాస్తు చూపించింది. 'తిరస్కరించబడినది. కారణం: ఇతరములు' అని ఉంది. విత్తనాల పొట్లాల మీద అక్షరాలు ఇంకొంచెం చిన్నవయ్యాయి. బొమ్మలు మాత్రం చాలా బాగుంటున్నాయి. అప్పుడు రేపు రా అన్నవాడి మొహమైనా కనిపించేది, కోపం వస్తే తిట్టుకోవడానికి. ఇప్పుడు ఫోనును తిడితే చూసినవాళ్లు నవ్వుతారు. అయినా అప్పటిదే బాగుందని నేననలేను. ఆ కుర్చీలో కూర్చున్నది నేనే కదా.

నా సర్వీసు సగం దాటాక ఒకరోజు, ఎండాకాలం, పన్నెండు గంటల వేళ. బల్ల ముందు నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. కలెక్టరాఫీసుకు పంపాల్సిన పట్టిక ఏదో నింపుతున్నాను. ఎవరో ముసలామె పింఛను కాగితం గురించి అడిగింది. పేరు కూడా వినకుండా, "ఈ వారం కుదరదమ్మా, సోమవారం చూద్దాం" అన్నాను.

"మంచిది మేడం" అంది ఒక మగ గొంతు ఆమె పక్క నుంచి.

తల ఎత్తాను. పెద్దబాపు. తెల్ల ధోవతి, చంకలో గొడుగు, ఆ ముసలామెను మోచేయి పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మా ఊరామె, మొగుడు పోయి యేడు దాటింది. వరసలో నిలబడి, తన వంతు వచ్చేదాకా ఆగి, నన్ను పేరు పెట్టి కూడా పిలవకుండా వెళ్లిపోబోతున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా పెద్దబాపూ" అన్నాను.

"అందరు ఫోన్ చేస్తరా బిడ్డా?" అన్నాడు. కోపం లేదు. బల్ల మీదికి కొంచెం వంగి, "గా కాయితం ఎందుకాగింది? లొల్లికి అడుగుతలేను, తెలుసుకుందామని" అన్నాడు.

వెతికాను. రిజిస్టర్లో ఉంది, వచ్చి నాలుగు నెలలైంది. బీరువాలో లేదు. పై ఆఫీసుకు పోలేదు. చివరికి నా బల్ల మీదే, ఎడమవైపు దొంతరలో, పాత భూమి పహాణీల కట్ట కింద దొరికింది. దాని మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. అన్నీ సరిగా ఉన్నాయి. ఆపడానికి ఏ లోపమూ లేదు. వెనక నిలబడ్డవాళ్లు వింటున్నారు. పక్క సీటాయన వింటున్నాడు. ఏదో ఒక రూలు చెప్పొచ్చు, నా నోటికి పాతిక రూళ్లు వచ్చు.

"కారణం ఏం లేదు పెద్దబాపూ. నా బల్ల మీదే ఉంది. నేనే చూడలేదు" అన్నాను.

ఆయన నన్ను చూశాడు. తర్వాత నవ్వాడు, భుజాలు కదిలేటట్టు. "గంతేనా?" అన్నాడు. "గీ ఒక్క ముక్క కోసం నేను ఢిల్లీకి పోదామనుకుంటి. అన్ని ఆఫీసులు తిరిగిన, అంతమంది సార్లను అడిగిన, ఒక్కలన్న గిట్ల చెప్పలే."

ఆ కాగితం మీద అప్పుడే రాసి, సంతకాలు చేయించి, నేనే పై ఆఫీసుకు తీసుకుపోయి ఇచ్చివచ్చాను. వచ్చేసరికి ఒంటిగంట బస్సుకు వాళ్లు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం ఆఫీసు మూసేదాకా కూర్చుని నా బల్ల మీది దొంతరలన్నీ ఒక్కొక్క కాగితంగా తిరగేశాను. ఏ కారణమూ లేకుండా ఆగిపోయినవి ఇంకా పద్నాలుగు దొరికాయి.